తువ్వాళ్ళు చప్పట్లు కొట్టవు

ఎక్కడికెళ్ళినా రుమాలు వేసి నాలుగు చోట్లు ఆపితేగాని మనసు కుదుటపడని నూకరత్నం, విజయనగరం నుంచి విశాఖపట్నం సముద్రపు ఒడ్డుకి కాపురం మార్చింది. మేడమీద వాటా వాళ్ళది, కింద వాటా నాది. నేను బడిపంతులుగా రిటైరైనవాణ్ణి కాబట్టి ఆమె నన్ను మాస్టారూ అని పిలిచేది. మనిషి చాలా మంచిది. పులుసు కాస్తే గిన్నెడు కిందికి పంపేది. కాని ఆ రుమాలు జబ్బు ఒకటి ఉండేది. బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు లోపలికి విసిరేది. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీల్లో ఒకదానిమీద సంచి, ఒకదానిమీద గొడుగు పెట్టేది. ఆఖరికి ఆసుపత్రి బల్లమీద కూడా రుమాలు పరిచి, "మావాళ్ళొస్తారు" అనేది. ఎవరొస్తారో ఒక్కోసారి ఆమెకే తెలిసేది కాదు.

ఆమె భర్త గౌరినాయుడు ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశాడు. ఊళ్ళోవాళ్ళ రుమాళ్ళ తగాదాలు తీర్చి తీర్చి జుట్టు నెరిసినవాడు. ఇంట్లో రుమాలు గురించి మాత్రం నోరెత్తేవాడు కాడు. అంత ధైర్యం ఎక్కడిది!

మా వీధి చివరికి వెళ్తే చాలు, ఎదురుగా సముద్రం. ఎడమచేతివైపు 'తరంగవనం' అనే పెద్ద ఆటల పార్కు. దాని జెయింట్ వీల్ మా డాబామీదికి కనబడేది. కుడిచేతివైపు ఇసుకలోకి దిగే పొడవాటి మెట్లు. శని, ఆదివారాల్లో ఆ మెట్లముందు ఆటలు ఆడేవారు. తాడుమీద నడిచే అమ్మాయి, నోట్లోంచి గజాలకొద్దీ రంగుకాగితాలు తీసే గారడీవాడు, పగటివేషాలవాళ్ళు, డోలువాళ్ళు, అబ్బో, ఒకరా ఇద్దరా! చూడటానికి ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా ఉండవచ్చు.

వచ్చిన మొదటి శనివారమే డోలు చప్పుడు విని నూకరత్నం చేతిలో గరిటెతోనే మెట్లు దిగి పరుగెత్తింది. గంట తరవాత అదే గరిటెతో తిరిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మాస్టారూ! టికెట్టు లేదట! గేటు లేదు, గోడ లేదు! ఇన్నేళ్ళూ ఎక్కడున్నానండీ నేను?"

"మీ పొయ్యిమీద ఏదో మాడుతోందమ్మా" అన్నాను.

"మాడనివ్వండి! ఆ పిల్ల తాడుమీద నెత్తిన ఏడు చెంబులు పెట్టుకుని నడిచింది మాస్టారూ, ఏడు!" అంది.

ఇక ఆ ఇంట్లో శనివారం వస్తే పండగే. బుధవారం సాయంత్రం కూడా పండగే, ఎందుకంటే ఆ రోజు చుట్టుపక్కల కాలనీలవాళ్ళని తరంగవనంలోకి ఊరికే రానిచ్చేవారు. ఒక బుధవారం ఆమె జెయింట్ వీల్ దగ్గర అలవాటుకొద్దీ ఎదురుగా ఆగిన తొట్టిలోకి రుమాలు విసిరింది. ఇంతలో చక్రం కదిలింది. రుమాలు దర్జాగా ఆకాశంలోకి వెళ్ళిపోయింది. ఈసారి తొట్టి కిందికొచ్చేసరికి అందులో, అవతలివైపునుంచి ముందే ఎక్కేసిన కొత్త పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చుని ఉన్నారు.

"అది మా చోటు, రుమాలు వేశాను!" అని నూకరత్నం కిందనుంచి కేకేసింది. పెళ్ళికొడుకు రుమాలు ఊపి నవ్వాడు. తొట్టి మళ్ళీ పైకి పోయింది. గౌరినాయుడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. కాని అలవాటు పోయిందా? పోలేదు.

మెట్ల దగ్గర రుమాలు చాలక తువ్వాళ్ళు మొదలుపెట్టింది. ఐదింటి ఆటకి నాలుగింటికే వెళ్ళి ముందు మెట్టు పొడవునా తువ్వాళ్ళు పరిచేది. ఇది ఎదురింటివాళ్ళకి, ఇది పాలావిడకి, ఇది మాస్టారికి. అవును, నా పేరుమీద కూడా ఒకటి ఉండేది, అబద్ధమెందుకు. పచ్చగళ్ళ తువ్వాలు. నేను తీరిగ్గా టీ తాగి వెళ్ళి దానిమీద కూర్చునేవాణ్ణి. వెనక నిలబడ్డవాళ్ళకి ఆటకి బదులు నా బట్టతల కనబడుతోందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఆటలన్నిట్లోకీ నూకరత్నానికి ప్రాణం తప్పెటగుళ్ళు. విజయనగరం పక్క పల్లెనుంచి బంగారయ్య జట్టు ప్రతి ఆదివారం బస్సులో వచ్చేది. పద్నాలుగుమంది. కాళ్ళకి గజ్జెలు, ఒంటిమీద రంగురంగుల పీలికలు, గుండెమీద గుండ్రటి రేకు తప్పెట. రెండు అరచేతులతో దాన్ని వాయిస్తూ, గెంతుతూ, పాడుతూ గుండ్రంగా తిరిగేవారు. పాట మధ్యలో బంగారయ్య ఈల వేసి, "ఓయ్ అంటారా?" అని అడిగేవాడు. ముందు వరసలో పిల్లలు "ఓయ్!" అని అరిచేవారు. ఆ అరుపు పడ్డాక జట్టు ఊపు చూడాలి! ఇసుక మోకాళ్ళదాకా లేచేది. ఆఖర్న ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి గోపురం కట్టేవారు. పైన నిలబడ్డవాడు రెండు చేతులూ వదిలేసి తప్పెట వాయించేవాడు. నూకరత్నం రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మాత్రం ఇంతలేసి చేసుకుని చూసేది.

ఒక ఆదివారం ఆట అయ్యాక బంగారయ్య ఆమె దగ్గరికి వచ్చాడు.

"తల్లీ, మన ఊరివైపు మనిషివి కాబట్టి ముందు నీకే చెబుతున్నాను. వచ్చే ఆదివారం పార్కు మేనేజరమ్మ మా ఆట చూడటానికి వస్తాదట. జనం బాగా కూడితే, వాళ్ళకి నచ్చితే, పార్కులో రోజూ మా ఆటే!"

"ఆహా! మరి నచ్చకపోతే?"

బంగారయ్య తప్పెట తుడుచుకుంటూ అన్నాడు: "నచ్చకపోతే ఈ నెలతో ఆఖరు. మా కుర్రాళ్ళు మేడలు కట్టే పనులకి చెన్నపట్నం పోతామంటున్నారు. వారానికి ఒక్కరోజు ఆటతో ఎలా నిలబెట్టను? ఒకసారి జట్టు చెదిరితే మళ్ళీ గోపురం లేవదు తల్లీ."

నూకరత్నం గుండెమీద చెయ్యి వేసుకుంది. "ఎందుకు చెదురుతుంది? నేనున్నాను. ముందు మూడు మెట్లూ నిండిపోయేలా చేస్తాను, చూస్తూ ఉండు!"

అన్న మాట ప్రకారం ఆ వారమంతా ఫోన్లు చేసింది. తమ్ముడు సింహాద్రి, వదినలు, పిన్నమ్మ పిల్లలు, వాళ్ళ పిల్లలు, మొత్తం నలభైమంది విజయనగరంనుంచి వస్తామన్నారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికే ఆమె నలభై గుడ్డలు మోసుకుని బయల్దేరింది. తువ్వాళ్ళు చాలలేదు. దుప్పట్లు, చున్నీలు, ఆఖరికి తలగడ గలీబులు కూడా వచ్చాయి. ముందు మూడు మెట్లూ గుడ్డలతో నిండిపోయాయి. దూరంనుంచి చూస్తే చాకిరేవులా ఉంది.

నాలుగున్నరకి జనం రావడం మొదలైంది. ఆ రోజు జనం మామూలుగా రాలేదు, విరగబడి వచ్చారు. పార్కు పుట్టినరోజని అక్కడ అందరికీ ప్రవేశం ఉచితం. ఆ సందడికి వచ్చినవాళ్ళు మెట్లవైపు కూడా తిరుగుతున్నారు. పసుపు గౌను వేసుకున్న ఒక చిన్నపిల్లని వెంటబెట్టుకుని వాళ్ళమ్మ ముందుకొచ్చింది.

"అమ్మా, పాపకి వెనకనుంచి కనబడదు. కొంచెం సర్దుకుంటారా?"

"లేదమ్మా, ఇక్కడ మనుషులున్నారు" అంది నూకరత్నం.

"ఎక్కడున్నారండీ?"

"వస్తున్నారు."

పాప మెట్లవైపు చూసి, "అమ్మా, ఇక్కడ తువ్వాళ్ళే ఉన్నాయి కదా" అంది. వాళ్ళమ్మ పాప చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఒక ముసలాయన వచ్చాడు, కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు, ఇద్దరు ముగ్గురు గొడవ కూడా పడ్డారు. నూకరత్నం నడుముకి కొంగు బిగించి అందరికీ అదే జవాబు చెప్పింది. "ఖాళీగా పెట్టుకుని మమ్మల్ని నిలబెట్టడం ఏం న్యాయమండీ?" అని ఒకాయన విసుక్కుంటూ పోయాడు. మెట్ల ఆ చివర గారడీవాడు ఆట మొదలుపెట్టేసరికి మిగిలినవాళ్ళూ అటు నడిచారు.

ఐదైంది. నూకరత్నం తమ్ముడికి ఫోన్ చేసింది.

"వచ్చేశాం అక్కా! ఐదంటే ఐదు నిమిషాలు!" అన్నాడు సింహాద్రి. వెనకనుంచి కేకలు, అరుపులు. బీచిలో పిల్లలనుకుంది ఆమె.

బంగారయ్య జట్టు గజ్జెలతో ఘల్లుమంటూ ఇసుకలోకి దిగింది. ఎప్పటిలాగే జనానికి దణ్ణం పెట్టబోయి బంగారయ్య ఒక్కక్షణం ఆగిపోయాడు. ముందు మూడు మెట్లమీద ముగ్గురమే ఉన్నాం. నూకరత్నం, గౌరినాయుడు, పచ్చగళ్ళ తువ్వాలుమీద నేను. ఓ పక్కగా మేనేజరు ఇందుమతి చేతిలో పుస్తకంతో నిలబడి ఉంది.

ఆట మొదలైంది. పాపం, వాళ్ళు ఒళ్ళు దాచుకోలేదు. బంగారయ్య ఈల వేసి, "ఓయ్ అంటారా?" అన్నాడు.

"ఓయ్" అన్నాను నేను. నా ముసలిగొంతు ఒక్కటే ఆ ఇసుకమీద వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండోసారి అడిగాడు. గౌరినాయుడు గొంతు కలిపాడు. మూడోసారి బంగారయ్య అడగలేదు. గోపురం కట్టారు. పైకెక్కినవాడు చేతులు వదిలి తప్పెట కొట్టి జనంవైపు చూశాడు. అక్కడ దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. ఇందుమతి పుస్తకం మూసి పార్కువైపు వెళ్ళిపోయింది.

నూకరత్నం బంగారయ్య దగ్గరికి పరుగెత్తింది. "మావాళ్ళు వస్తున్నారు! దారిలో ఉన్నారు! ఇంకొక్క పాట!"

బంగారయ్య మెడలోంచి తప్పెట తీశాడు. అతని ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు మాకోసమే చేశావని తెలుసు తల్లీ" అన్నాడు. "కాని తువ్వాళ్ళు చప్పట్లు కొట్టవు తల్లీ."

ఆమె బిత్తరపోయి భర్తవైపు తిరిగింది. ఇన్నాళ్ళకి గౌరినాయుడు నోరు విప్పాడు.

"రత్నం, ఇరవై ఎనిమిదేళ్ళలో నేను రుమాలుకి ఒక్కనాడూ టికెట్టు కొట్టలేదు. మనిషి కూర్చుంటేనే కొట్టాను. ఈ మాట నీకు ఎప్పుడో చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను. నాదీ తప్పే."

నూకరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇసుకలో పడి పరుగు తీసింది. వెనక గౌరినాయుడు, ఆయన వెనక ఆయాసపడుతూ నేను.

పార్కు గేటు దగ్గర ఇందుమతిని పట్టుకుంది. అక్కడ బారులు తీరి జనం ఉన్నారు.

"మేడమ్, ఒక్క మాట! ఆ ఆట బాగాలేదని రాయకండి!"

"ఆట బాగానే ఉందండీ" అంది ఇందుమతి. "జనానికే పట్టలేదు. ముందు వరసలన్నీ ఖాళీ. చూసేవాళ్ళు లేని ఆటని పార్కులో ఏం పెట్టుకోను?"

"జనం వచ్చారమ్మా! నేనే కూర్చోనివ్వలేదు. మావాళ్ళకని గుడ్డలు పరిచి అందర్నీ వెనక్కి పంపేశాను."

వరసలోంచి ఒకాయన మెడ సాచి, "అవునవును, ఈవిడే! మమ్మల్నీ పంపేసింది!" అన్నాడు. అందరూ ఇటు తిరిగి చూశారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. నూకరత్నం మాత్రం తల దించుకుని, "అవును, నేనే. మీరందరూ క్షమించాలి. నా మూలాన వాళ్ళ జట్టు చెదిరిపోతోంది. ఒక్కసారి, మళ్ళీ ఒక్కసారి చూడండమ్మా" అంది.

ఇందుమతి ఆమెని కాసేపు తేరిపార చూసింది. "సరే, వచ్చే ఆదివారం వస్తాను. కాని మెట్లమీద ఒక్క తువ్వాలు కనబడినా వెనక్కి వెళ్ళిపోతాను" అంది.

సరిగ్గా అప్పుడే గేటులోంచి నలభైమంది బయటికి వచ్చారు. అందరూ తడిసి ముద్దయ్యారు. ముందు సింహాద్రి.

"అక్కా! ఊరికే రానిస్తున్నారంటే ఒక్క చుట్టు చుడదామని వెళ్ళాం. ఆ నీళ్ళ జారుడుబండ ఉంది చూడు, ప్రాణం పైకిపోయి కిందికొచ్చిందనుకో! ఆట మొదలైందా?"

నూకరత్నం తమ్ముణ్ణి నఖశిఖపర్యంతం చూసింది. "అయిపోయింది. మీకు తలా ఒక తువ్వాలు అక్కడ పరిచే ఉంచాను. వెళ్ళి తుడుచుకోండి" అంది.

తరవాతి ఆదివారం ఆమె మూడింటికే బయల్దేరింది, ఈసారి వట్టి చేతులతో. బీచి అంతా తిరిగింది. ఐస్‌క్రీం బండ్ల దగ్గర, మొక్కజొన్నపొత్తుల దగ్గర, పార్కు వరసల దగ్గర ఆగి ఆగి పిలిచింది. "రండి బాబూ, రండమ్మా, తప్పెటగుళ్ళు! ముందుకెళ్ళి కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు!" పోయినవారం గొడవపడ్డ ఆయన్ని కూడా వెతికి పట్టుకుని చెప్పింది. తిరిగి తిరిగి ఆమె మెట్ల దగ్గరికి వచ్చేసరికి కాలు పెట్టే చోటు లేదు. అసలే పొట్టి మనిషి. వెనక నిలబడి మునివేళ్ళమీద లేచినా వీపులు తప్ప ఏమీ కనబడలేదు. నేనూ, గౌరినాయుడూ ఆమె పక్కనే నిలబడ్డాం. నా ముందు ఎవరిదో గుబురు జుట్టు. బాగా అయింది నాకు!

ఈల మోగింది. "ఓయ్ అంటారా?"

"ఓయ్!" అని మెట్లన్నీ ఒక్కసారి అరిచాయి. సముద్రం చప్పుడు వినబడలేదు. తప్పెటలు ఘణఘణ మోగాయి, గజ్జెలు, ఈలలు, చప్పట్లు! నూకరత్నం ఏమీ కనబడకుండానే గెంతుతూ చప్పట్లు కొట్టింది. "వినండి మాస్టారూ, వినండి!" అని నా భుజం ఊపేసింది.

ఇంతలో రెండో మెట్టుమీద ఒక పసుపు గౌను వెనక్కి తిరిగింది. "అమ్మా! తువ్వాళ్ళావిడ!" అని పాప వేలు చూపించింది. వాళ్ళమ్మ తిరిగి చూసింది. నూకరత్నం ముఖం చిన్నబోయింది. అక్కణ్ణుంచి జారుకోబోయింది.

"ఏమండీ, ఎక్కడికి? ఇలా రండి" అంది ఆ తల్లి. "కొంచెం సర్దుకుంటే మీకూ చోటు వస్తుంది."

"వద్దమ్మా, నాకెందుకు..."

"రండి, పర్లేదు! బాబూ, కాస్త సర్దుకోండి. అన్నయ్యగారూ, కాస్త సర్దుకోండి."

సర్దుకోండి, సర్దుకోండి అంటూ ఆ వరసంతా ఒకరికొకరు దగ్గరగా జరిగారు. నిండిపోయిందనుకున్న మెట్టుమీద ఒక మనిషికి చోటు వచ్చింది. నూకరత్నం కూర్చుంది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇంకాస్త జరిగి నన్నూ, గౌరినాయుణ్ణీ కూడా ఇరికించారు. సరిగ్గా అప్పుడే గోపురం లేచింది. పైన నిలబడ్డవాడు రెండు చేతులూ వదిలి తప్పెట కొట్టాడు. చప్పట్లు ఎంతకీ ఆగవే! ఇందుమతి చంకలో పుస్తకం పెట్టుకుని తనూ చప్పట్లు కొడుతోంది.

మరుసటి నెలనుంచి తరంగవనంలో రోజూ బంగారయ్య జట్టు ఆటే. "కాని ఆదివారం మాత్రం మెట్లదగ్గరే ఆడతాం మేడమ్, అక్కడ అందరూ వస్తారు" అని బంగారయ్య అడిగితే ఇందుమతి సరేనంది. చెన్నపట్నం వెళ్తామన్న కుర్రాళ్ళు ఒక్కరూ వెళ్ళలేదు. ఆ మాట విన్న రోజు నూకరత్నం కొంగులోంచి రుమాలు తీసి కళ్ళు తుడుచుకుంది. నా పచ్చగళ్ళ తువ్వాలు ఇప్పుడు మా స్నానాలగదిలో వేలాడుతోంది, ఉండాల్సిన చోటే.

నీతి: ఊరికే దొరికిన సంతోషం అందరిదీ, మనవాళ్ళకని ఆపిపెడితే అది ఎవరికీ దక్కదు, కాస్త సర్దుకుంటే అందరికీ సరిపోతుంది.